నిమిషానికో అక్షరం

నిదానమ్మ అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. మెట్లెక్కినా, టీ తాగినా, ప్రోగ్రాము రాసినా ఆమెది ఒకటే నడక. ఒక వరస రాసి, చదువుకుని, పెన్సిలు చెక్కుకుని, ఇంకోసారి చదువుకుని అప్పుడు రెండో వరసకు వెళ్ళేది. “ఈవిడ ముగించేలోపు మన జుట్లు నెరుస్తాయి” అని పక్క బల్లలవాళ్ళు వేళాకోళమాడేవారు. అయితే ఆమె రాసిన ప్రోగ్రామును మళ్ళీ విప్పి సరిచేయాల్సిన పని ఎన్నడూ పడలేదు. అందుకని ఆ వేళాకోళంలో కాస్త గౌరవం కూడా కలిసే ఉండేది.

ఆ కంపెనీ ఇళ్ళలో వాడుకునే కంప్యూటర్లు తయారుచేసేది. టైపు మిషనంత పెట్టె, దాని మీదే కీలు, వెనకనుంచి ఒక తీగ లాగి టీవీకి తగిలిస్తే అదే తెర. కింది అంతస్తులో బోర్డులకు చిప్పులు అతికేవారు. పై అంతస్తులో, కిటికీల పక్కన, ఆ చిప్పులకు బుద్ధులు నేర్పే నిదానమ్మలాంటివాళ్ళు ఆరుగురు కూర్చునేవారు. ఆమె ఎదుటి బల్ల బోర్డు గీతలు గీసే పెద్దమనిషిది. ఆయన్ని అందరూ గీతల మాస్టారు అనేవారు. ఆయన చెవి వెనక ఎప్పుడూ రెండు పెన్సిళ్ళుండేవి. ఒకటి పోతే రెండోది అని ఆయన లెక్క. ఆ రెండోదే పోయేది ఎప్పుడూ.

గొడవంతా ఒక చిప్పు దగ్గర మొదలైంది. కంప్యూటరు పెట్టె లోపల ఒక్కో అక్షరం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఎనిమిది తీగల మీద ఎనిమిదీ పక్కపక్కన ఒకేసారి పరిగెడతాయి. కానీ పెట్టె బయటికి వెళ్ళి, దూరంగా ఉన్న అచ్చు యంత్రాన్ని చేరాలంటే ఉన్నది ఒకటే తీగ. ఇరుకు గుమ్మంలోంచి ఎనిమిదిమంది పోవాలన్నమాట. వాళ్ళని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, ముందు “వస్తున్నారు” అని ఒక సైగ చేసి, ఒక్కొక్కరినీ సరిగ్గా కొలిచిన వ్యవధిలో వదిలి, చివర “అయిపోయింది” అని ఇంకో సైగ చేసే పని ఆ చిప్పుది. అవతలి యంత్రంలోనూ అలాంటిదే ఒకటి కూర్చుని, అదే వ్యవధిలో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి లోపలికి తీసుకుంటుంది. ఇద్దరి లెక్కా కలిస్తేనే అక్షరం అక్షరంగా చేరుతుంది.

ఆ చిప్పులు సమయానికి రావడం మానేశాయి. వస్తాయి వస్తాయి అంటూ నెలలు గడిచాయి. బోర్డులన్నీ సిద్ధమై కూర్చున్నాయి. ఆ కంపెనీ నడిపే పెద్దాయన ఒక ఉదయం పై అంతస్తుకొచ్చి, నిదానమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“అమ్మా, ఆ చిప్పు లేకుండా ఆ పని జరిగే దారేమైనా ఉందా?”

“ప్రాసెసరుచేతే చేయించొచ్చు సార్. అది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టి వదలాలి. ఆ కాసేపూ ఇంకో పని చెయ్యలేదు.”

“కాసేపేగా! కానివ్వు.”

ఆ ప్రోగ్రాము రాయడానికి ఆమెకు ఏడు వారాలు పట్టింది. ప్రాసెసరును మధ్యలో పక్కకు పిలిచే పనులు చాలా ఉంటాయి. ఎవరో కీ నొక్కుతారు, తెర మీద గుర్తు మిణుకుమనాలి. వాటిలో ఏ ఒక్కటి అడ్డొచ్చినా వరసలో ఉన్నవాళ్ళు ఆగిపోతారు, అవతలి లెక్క తప్పుతుంది. అందుకని ఆమె వచ్చేవాళ్ళనందరినీ గుమ్మం అవతలే ఆపేసింది. పంపాల్సిన అక్షరాలన్నీ దాటేదాకా ఎవరికీ ప్రవేశం లేదు. పని ముగిశాక అచ్చు యంత్రం తగిలించి చూస్తే అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. పెద్దాయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. పై అంతస్తంతా చప్పట్లు కొట్టింది. నిదానమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

గీతల మాస్టారు మాత్రం బోర్డు మీద ఆ చిప్పు కోసం వదిలిన చోటును చెరపలేదు.

“అదెందుకు మాస్టారూ, ఖాళీగా?” అని అడిగింది ఆమె.

“ఉండనీవోయ్. అదేమైనా అన్నం పెట్టమంటోందా!”

అంతా అయిపోయిందనుకున్న వారంలో పెద్దాయన మళ్ళీ వచ్చాడు. మరో కంపెనీవాళ్ళ పెట్టెలో తెర మూల గడియారం కనబడుతోందట. మనకూ ఉండాలి. ప్రోగ్రామంతా శాశ్వతంగా చిప్పులోకి ఎక్కించడానికి మర్నాడు పొద్దున్నే పంపేయాలి.

“రేపటికా సార్?”

“నాలుగంకెలమ్మా. గంటలు, నిమిషాలు. నిమిషానికోసారి మారితే చాలు.”

ఆ సాయంత్రమే ఆమె గడియారం రాసేసింది. ఒక్కటే చిక్కు వచ్చింది. గడియారాన్ని కూడా గుమ్మం అవతల ఆపేస్తే, పెద్ద కాగితం అచ్చయ్యేసరికి అది వెనకబడిపోతుంది. వెనకబడే గడియారాన్ని పెద్దాయన ఒప్పుకోడు. సరే, దానొక్కదానికీ దారి వదిలింది. నిమిషానికి ఒక్కసారి, కన్ను ఆర్పినంత సేపు. పరీక్ష కాగితం నలభై సెకన్లలో అచ్చవుతుంది. రెండుసార్లు వేసి చూసింది. రెండూ బాగానే వచ్చాయి. పెన్సిలు చెక్కుకోలేదు, రెండోసారి చదువుకోలేదు. పట్టుకెళ్ళి ఇచ్చేసింది.

కంప్యూటర్లు బాగానే అమ్ముడుపోయాయి. ఏడాది తిరిగింది.

ఒకరోజు, వచ్చిన ఫిర్యాదులకు జవాబులు రాసే గుమాస్తా ఒక కవరు తెచ్చి నిదానమ్మ ముందు పడేశాడు. “ఈవిడ వదిలేలా లేదు. ఇది మూడో ఉత్తరం. నీ సరుకే, నువ్వే చూసుకో” అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

కవరులో టైపు చేసిన ఉత్తరం, దాంతోపాటు చుక్కలు చుక్కలుగా పొడిచిన దళసరి కాగితం ఒకటి ఉన్నాయి. ఉత్తరం ఇలా ఉంది:

“అయ్యా, మీరు చెప్పినట్టే తీగ మార్చాను. తర్వాత చెప్పినట్టే దుమ్ము తుడిచాను. మా అత్తగారు ఆ పెట్టెను రెండుసార్లు తిట్టి కూడా చూశారు. అయినా అక్షరాలు పోతూనే ఉన్నాయి. నేను టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరును. నాకు చూపు లేదు. నేను చదువుకున్న అంధుల బడిలో పిల్లలకు పాఠాలు చుక్కల లిపిలో తయారుచేస్తుంటాను. మీ కంప్యూటరులో రాసి, కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రానికి పంపుతాను. మా లిపిలో గుణింతం అక్షరానికి అంటుకుని ఉండదు, పక్క గడిలో విడిగా ఉంటుంది. అది పోతే మాటే మారిపోతుంది. మొన్నటి పాఠంలో ‘కూరలో కారం ఎక్కువైంది’ అన్నది ‘కూరలో కరం ఎక్కువైంది’ అని పడింది. అది ఎవరి చెయ్యి అని పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

నిదానమ్మ ముందు నవ్వింది. నవ్వాక ఆ దళసరి కాగితం మీద వేలు పెట్టి చూసింది. ఏమీ తెలియలేదు. ఉత్తరం మళ్ళీ చదివింది. ఈసారి నవ్వు రాలేదు.

శనివారం పొద్దున్న ఆమె సంచిలో రెండు కొత్త తీగలు, స్క్రూడ్రైవరు, ప్రోగ్రాము రాసుకున్న నోటుబుక్కు వేసుకుని బస్సెక్కింది. రెండు గంటల ప్రయాణం. కంపెనీ పంపలేదు, తనంతట తనే వెళ్ళింది. తీగ లూజై ఉంటుందని, లేదా ఆ యంత్రమే పాతదై ఉంటుందని దారంతా అనుకుంటూనే ఉంది.

ఆపరేటరు ఇల్లు సందు చివర, మేడ మీద. తలుపు తీసింది అత్తగారు. పొట్టిగా, గట్టిగా, కళ్ళజోడు ముక్కు చివరకి జారి ఉన్న మనిషి.

“తిట్టాల్సింది నిన్నేనా?” అంది.

“అత్తయ్యా, ముందు లోపలికి రానివ్వండి. తర్వాత తిడుదురుగాని” అని లోపలినుంచి గొంతు వినిపించింది. స్పష్టంగా, తొణక్కుండా పలికే గొంతు. పాతికేళ్ళుగా ఊళ్ళను ఊళ్ళతో కలిపిన గొంతు అని విన్నవాళ్ళెవరైనా పోల్చుకుంటారు.

ముందుగదిలో బల్ల మీద నిదానమ్మ కంపెనీ పెట్టె, పాత టీవీ. నేల మీద నాలుగు మడతల దుప్పటి, దాని మీద చుక్కలు పొడిచే యంత్రం. కిందింటివాళ్ళు చప్పుడు భరించలేకపోతుంటే దుప్పటి వేశారట. ఆపరేటరు కుర్చీలోంచి లేచి, వచ్చిన మనిషి ఎక్కడ నిలబడిందో ఊహించి సరిగ్గా అటే చెయ్యి చాపింది. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త రైలు గార్డు, ఇంటి దగ్గర ఉండేది తక్కువ. అందుకని ఇంట్లో అత్తాకోడళ్ళదే రాజ్యం.

“నేను కొట్టేది మా అత్తయ్య తెర మీద చదివి వినిపిస్తారు. ఆవిడే నా కళ్ళు” అంది.

“కళ్ళని ఊరుకుంటుందా! ‘అక్కడ చుక్క ఉందా? ఇక్కడ ఖాళీ ఉందా?’ అని పొద్దస్తమానం ప్రాణం తోడేస్తుంది” అంది అత్తగారు. ఆ తోడేయడం ఆవిడకు ఇష్టంగానే ఉన్నట్టుంది. “కానీ తల్లీ, ఆ మూల గడియారం పెట్టారు చూడు, అది మాత్రం బంగారం. ఈ వీధిలో టైమెంతయిందని అందరూ నన్నే అడుగుతారు.”

నిదానమ్మ పని మొదలుపెట్టింది. తీగ మార్చింది. పెట్టె అడుగు విప్పి, అతుకులన్నీ చూసింది. ఆపరేటరు ఒక పాఠాన్ని యంత్రానికి పంపింది. టకటకటకమని సెకనుకు పది దెబ్బల చొప్పున యంత్రం కాగితాన్ని పొడుచుకుంటూ పోయింది. కాగితం బయటికి రాగానే ఆపరేటరు రెండు చేతుల వేళ్ళూ దాని మీద పరిగెత్తించింది.

“మూడో వరసలో ఒకటి పోయింది. పదిహేడో వరసలో ఇంకోటి.”

రెండో తీగ వేశారు. ఈసారి ఆరో వరసలో, ఇరవయ్యో వరసలో. యంత్రాన్ని వేరే ప్లగ్గుకు మార్చారు. ఈసారి ఒకటే, పదకొండో వరసలో. ఏ అక్షరం పోతుందో, ఎక్కడ పోతుందో ఒక పద్ధతీ పాడూ లేదు. నిదానమ్మ నోటుబుక్కు తెరిచి మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది. అత్తగారు టీ పెట్టి తెచ్చింది. అది చల్లారిపోయింది.

“ఒక మాట అడగనా?” అంది ఆపరేటరు. “యంత్రం కొట్టేటప్పుడు మీరు వింటున్నారా?”

“చప్పుడేగా?”

“చప్పుడే. కానీ ఒక దెబ్బ తప్పినప్పుడు చిన్న ఎడం వస్తుంది. ట్రంకు కాల్ మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు అవగానే మేమే చెప్పాలి. పాతికేళ్ళు చెప్పి చెప్పి గడియారం నా ఒంట్లోకెక్కేసింది. నేను మూడు నిమిషాలన్నానంటే మూడు నిమిషాలే. ఇందాకటినుంచీ లెక్కపెడుతున్నాను.” కుర్చీ చేతి మీద వేలితో తట్టింది. “ఒక ఎడానికీ ఇంకో ఎడానికీ మధ్య సరిగ్గా ఒక్క నిమిషం. అటూ ఇటూ లేదు. పాఠమేదైనా సరే, తీగ ఏదైనా సరే, నిమిషానికి ఒక్కటి.”

నిదానమ్మకు నోటుబుక్కులో పేజీలు తిప్పాల్సిన పని లేకపోయింది. తల ఎత్తి టీవీ వంక చూసింది. తెర మూల నాలుగంకెలు, తను రాసినవే, తాపీగా వెలుగుతున్నాయి. ఆమె చూస్తుండగానే చివరి అంకె మారింది.

“ఇంకోసారి పంపండి” అంది. “పెద్దమ్మా, మీరు ఆ గడియారం చూసి, అంకె మారగానే చెప్పండి.”

యంత్రం మొదలైంది. “మారింది!” అని అరిచింది అత్తగారు. అదే క్షణంలో “పోయింది!” అంది ఆపరేటరు. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మరో నిమిషానికి మళ్ళీ అంతే. ఇక అనుమానానికి చోటు లేదు.

నిదానమ్మకు ఆ సాయంత్రం కళ్ళకు కట్టింది. కన్ను ఆర్పినంత సేపు అనుకుంది. ఒక అక్షరం సగం గుమ్మం దాటేసరికి ప్రాసెసరు అంకెలు దిద్దడానికి పక్కకు పోతుంది. మిగతా ముక్కలు వరసలో నిలబడిపోతాయి. అవతలి యంత్రంలో ఉన్న చిప్పు తన లెక్క ప్రకారం చూస్తే “అయిపోయింది” అన్న సైగ రావలసిన చోట రాదు. ఇది చెడిపోయిన అక్షరం అని అది పారేస్తుంది. పారేయడం దాని తప్పు కాదు. దాని పనే అది.

తీగ మీదకో యంత్రం మీదకో నెట్టేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది, పోయింది.

“అది నా పనే అక్కా” అంది. “గడియారం రాసింది నేనే. తొందరలో రాశాను. సరిగ్గా పరీక్షించలేదు. మీరు ఇన్నాళ్ళూ తుడిచిన దుమ్ము, మార్చిన తీగలు అన్నీ దండగ.”

అక్కా అన్న పిలుపు తనంతట అదే వచ్చేసింది. ఆపరేటరు మొహంలో కోపం కనబడలేదు. తలుపు గడియ పడిందని నిర్ధారించుకున్న మనిషిలా తలాడించింది.

“అమ్మయ్య. నేనే తప్పుగా కొడుతున్నానేమో అనుకున్నా. బడిలో వాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. ‘ఎక్స్చేంజిలో అలిసిపోయి వస్తోంది, పాపం’ అన్నారు. ఆ పాపం అన్న మాటకే ఒళ్ళు మండింది నాకు.”

ఆ మాట నిదానమ్మకు తిట్టుకంటే గట్టిగా తగిలింది.

“సరేలే, దొంగ దొరికాడుగా. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు” అంది ఆపరేటరు. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

చిప్పులోకి ఎక్కిన ప్రోగ్రామును అక్కడ కూర్చుని మార్చడం కుదరదు. కానీ గడియారాన్ని నిద్రపుచ్చే మార్గం ఆమెకు తెలుసు. ఒక చిన్న ఆజ్ఞ కొడితే చాలు, కంప్యూటరును ఆపి మళ్ళీ వేసేదాకా అంకెలు కదలవు. ఆ ఆజ్ఞను చెప్పింది. ఆపరేటరు ఒక్కసారి విని కొట్టింది. పాఠం మొత్తం, పదకొండు పేజీలు, వరసగా పంపారు. ఒక్కో పేజీ బయటికి రాగానే ఆపరేటరు వేళ్ళు దాని మీద నడిచాయి. అయిదో పేజీ దగ్గర ఆగి ఒక మాటను రెండుసార్లు తడిమింది. నిదానమ్మ ముందుకు వంగింది.

“ఏం లేదు. కారం, కారంగానే ఉంది” అని నవ్వింది ఆపరేటరు.

పదకొండు పేజీల్లో ఒక్క అక్షరం పోలేదు. అత్తగారికి మాత్రం సంతోషం సగమే. “పన్నెండూ పది దగ్గర చచ్చి ఊరుకుంది. ఇప్పుడు వీధిలోవాళ్ళకి నేనేం చెప్పను?” అని తెర వంక చూసి మొహం ముడుచుకుంది.

“బాగుచేసి మళ్ళీ పెడతాను పెద్దమ్మా” అంది నిదానమ్మ. అన్నాక, అది ఎలా చెయ్యాలో బస్సులో కూర్చున్నాక ఆలోచించింది.

సోమవారం పొద్దున్నే పెద్దాయన గదికి వెళ్ళి, నిలబడే జరిగినదంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“నిమిషానికి ఒక అక్షరం. అంతేనా?”

“అంతే సార్.”

“ఎవరు గమనిస్తారమ్మా అది?”

“చూపు లేనావిడ గమనించింది సార్. మిగతావాళ్ళు గమనించారో లేదో తెలుసుకోవాలి.”

ఫిర్యాదుల గుమాస్తా దగ్గరకి వెళ్ళి బీరువా తెరిపించింది. ఏడాదిగా వచ్చిన ఉత్తరాలన్నీ కట్టలు కట్టి ఉన్నాయి. రెండు రోజులు తన పద్ధతిలో, ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివింది. మందుల దుకాణం ఆయన చీటీల మీద మందు పేరులో ఒక అక్షరం తగ్గుతోందని రాశాడు. నాటక సమాజం కార్యదర్శి ఒకాయన తన పేరే తప్పు పడిందని అలిగాడు. ఒక పంతులమ్మ, తన పిల్లల పరీక్ష పేపరులో ప్రశ్న మారిపోయిందని రాసింది. మొత్తం నలభై మూడు ఉత్తరాలు. అందరికీ ఒకటే జవాబు వెళ్ళింది: తీగ మార్చి చూడండి. గుమాస్తా తప్పేం లేదు. ఆయనకు చెప్పమన్నది అదే.

ఆ కట్ట తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన పై ఉత్తరం చదివాడు. తర్వాతది చదివాడు. మందుల దుకాణం ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగిపోయాడు.

“ఆ రోజు నేను తొందరపెట్టాను” అన్నాడు చివరికి.

“తొందరపడింది నేను సార్.”

“సరే, ఇద్దరం పడ్డాం. ఏం చేద్దామో చెప్పు. ఈసారి ఎన్ని రోజులు కావాలన్నా తీసుకో.”

ఆమె మూడు పనులు చెప్పింది. గడియారాన్ని నిద్రపుచ్చే ఆజ్ఞను ఒక చీటీ మీద అచ్చేసి, కొన్నవాళ్ళందరికీ వెంటనే పంపాలి. తప్పు కంపెనీదేనని ఆ చీటీలో రాయాలి. అక్షరాలను వరసలో పంపే ఆ చిప్పు ఇప్పుడు దొరుకుతోంది గనక, బోర్డులో దాన్ని పెట్టుకుంటే పనిచేసేలా కొత్త ప్రోగ్రాము రాయాలి. రెండో మాటకు పెద్దాయన మొహం కాస్త మాడింది. గోడ వంక చూసి, పైకప్పు వంక చూసి, “రాయి” అన్నాడు.

గీతల మాస్టారు ఈ కబురు విని సొరుగు లాగి, దూదిలో గుచ్చి ఉంచిన చిప్పు ఒకటి తీశాడు. ఇరవై ఎనిమిది కాళ్ళ పురుగులా ఉంది. “మొన్న నమూనాగా వచ్చింది. నీ ఆపరేటరమ్మకు ఇదే పెట్టు” అన్నాడు. బోర్డు మీద ఖాళీగా ఉన్న చోటు గురించి ఆయన ఒక్క ముక్క కూడా అనలేదు. అననక్కర్లేనట్టు మీసం దువ్వుకున్నాడు, అంతే.

కొత్త ప్రోగ్రాముకు తొమ్మిది వారాలు పట్టింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడే పని చిప్పుది. ప్రాసెసరు అక్షరం తెచ్చి దాని చేతిలో పెట్టి, తన పనులు తాను చూసుకుంటుంది. చిప్పు పంపేయగానే “తర్వాతది” అని పిలుస్తుంది. నిదానమ్మ ఈసారి పరీక్షకు నలభై సెకన్ల కాగితం వాడలేదు. పొద్దున్న వచ్చి యంత్రాన్ని మొదలుపెట్టి, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆపేది. అలా ఆరు రోజులు. కాగితాల దొంతర ఆమె మోకాలి ఎత్తుకు చేరింది. పక్క బల్లలవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు గానీ, కిమ్మనలేదు.

మళ్ళీ శనివారం, మళ్ళీ అదే బస్సు. ఈసారి సంచిలో సీసం కరిగించి అతికే సాల్డరింగ్ ఐరన్, ఒక అగ్గిపెట్టెలో గీతల మాస్టారి చిప్పు, ఇంకో అగ్గిపెట్టెలో కొత్త ప్రోగ్రాము ఎక్కించిన చిప్పు ఉన్నాయి. బోర్డును బల్ల మీద పెట్టి, పాత ప్రోగ్రాము చిప్పు ఊడదీసి కొత్తది గుచ్చి, మాస్టారి చిప్పు ఇరవై ఎనిమిది కాళ్ళనూ ఒక్కొక్కటే అతికింది. ఆపరేటరు పక్కనే కూర్చుని, వేడి సీసం వాసన పీల్చుకుంటూ, “చల్లారాక నన్నోసారి ముట్టుకోనివ్వు” అంది. ముట్టుకుని, కాళ్ళు ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు లెక్కపెట్టింది.

“ఇంత చిన్నదా! నేను మా ఎక్స్చేంజి బోర్డంత ఉంటుందనుకున్నా.”

“పని మాత్రం మీదే అక్కా. ఒకరి మాట ఇంకొకరికి చేర్చడం.”

“అయితే మూడు నిమిషాలకోసారి మధ్యలో దూరి మాట్లాడదు కదా?” అంది ఆపరేటరు. ఇద్దరూ నవ్వారు.

పెట్టె బిగించి మొదలుపెట్టారు. తెర మూల గడియారం నడిచింది. నిమిషం మారింది. యంత్రం తడబడలేదు. ఇంకో తేడా కూడా ఆపరేటరుకు తెలిసింది. ఇదివరకు పాఠం వెళుతున్నంతసేపూ కీలు పనిచేసేవి కావు, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇప్పుడు ఒక పేజీ అటు పోతుండగానే ఇటు రెండో పేజీ కొట్టుకోవచ్చు. ఆమె అలా కొడుతూ, మధ్యలో ఆగి చెవి ఒగ్గి, యంత్రం సొంతంగా నడుస్తోందని తెలుసుకుని, మళ్ళీ కొట్టింది. అత్తగారు కిటికీ తీసి, ఎవరూ అడగకుండానే వీధిలోకి టైము చెప్పేసింది.

తర్వాతి సంగతులు పెద్దగా ఏమీ లేవు. చీటీ అందుకున్నవాళ్ళలో కొందరు తిడుతూ రాశారు, ఎక్కువమంది థాంక్స్ అని రాశారు. నాటక సమాజం కార్యదర్శి మాత్రం అలక మానలేదు. తర్వాత వచ్చిన కంప్యూటర్లన్నిటిలోనూ చిప్పు ఉంది. ఆపరేటరు ఆ ఏడాది బడికి పద్నాలుగు పాఠ్య పుస్తకాలు తయారుచేసింది. బడివాళ్ళు ఆమెను పాపం అనడం మానేసి, ఇంకో నాలుగు పుస్తకాలు కావాలని అడగడం మొదలుపెట్టారు. అదే ఆమెకు నచ్చింది.

నిదానమ్మ నెలకో శనివారం అక్కడికి వెళ్ళడం అలవాటైపోయింది. బాగుచేయాల్సిందేమీ ఉండేది కాదు. పేజీలు దళసరివి, మామూలు కుట్టు సూది దిగదు. అందుకని ముగ్గురూ నేల మీద చాప పరుచుకుని, గోనెసంచులు కుట్టే పెద్ద సూదితో పుస్తకాలు కుట్టేవారు. ఆపరేటరు పేజీల వరస సరిచూసి అందించేది. అత్తగారు దారానికి మైనం రాసేది. కుట్టే పని నిదానమ్మది.

అలాంటి ఒక శనివారం నాలుగు పేజీలు కుట్టేసరికి మధ్యాహ్నం కాస్తా వాలిపోయింది. అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆమె చేతులవైపు చూసింది.

“ఏమే, ఇంట్లో కూడా ఇంతేనా నువ్వు?”

“ఇంతే పెద్దమ్మా.”

“అయితే రాత్రికి ఇక్కడే తిని వెళ్ళు. మీ ఇంటికెళ్ళి నువ్వు వండుకునేసరికి తెల్లారిపోతుంది” అని, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.